డాక్టరుగారి చీటీలో తప్పు

సత్యవేణికి శుక్రవారం మధ్యాహ్నం ఒక తప్పు దొరికింది. అదీ ఎవరో దారినపోయే మనిషి తప్పు కాదు. సోమయాజులు డాక్టరుగారి తప్పు.

నరసాపురంలో నలభై ఎనిమిదేళ్ళుగా కళ్ళు చూస్తున్నారాయన. ఆయన చీటీ రాయడం, ఆ చీటీ పట్టుకుని జనం నూర్ కళ్ళద్దాల షాపుకి రావడం, మీరా సాయిబుగారు అద్దాలు చేసివ్వడం ఊళ్ళో అందరికీ అలవాటైపోయింది. డాక్టరుగారి రాత సాయిబుగారికి తప్ప ఇంకెవరికీ అంతుపట్టదని పేరు. అందుకని ఆ చీటీలన్నీ సాయిబుగారే స్వయంగా చూసుకునేవారు.

సత్యవేణి ఆ షాపులో చేరి ఏడు నెలలైంది. విశాఖపట్నంలో కంటి పరీక్షల కోర్సు రెండేళ్ళు చదివి, క్లాసులో ఫస్టున పాసై, చేతిపని నేర్చుకోడానికి సాయిబుగారి దగ్గరికి వచ్చింది. వచ్చిన మూడో నెలలోనే ఆయన చేత కంటి మిషను కొనిపించింది. గడ్డం ఆనించి లోపలున్న బొమ్మని చూస్తే చాలు, కళ్ళ పవరు కాగితం మీద అచ్చయి బయటికొచ్చేస్తుంది. సాయిబుగారు వద్దనలేదు. రోజూ పొద్దున్నే ఆ మిషను మీద దుమ్ము తుడుస్తారు. అంతకుమించి దాని జోలికి పోరు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళితే ఆయన గంటన్నరకి గానీ తిరిగి రారు. ఆ గంటన్నరా షాపు సత్యవేణిదే. సాయిబుగారి కుర్చీలో కూర్చునేది కాదు గానీ, కూర్చున్నంత ధీమాగానే తిరిగేది.

ఆ సమయంలో వచ్చింది సువార్తమ్మ. లేసు అల్లే మనిషి. ముప్ఫై ఆరేళ్ళుంటాయి. పదేళ్ళప్పుడు పట్టుకున్న లేసు సూది ఇప్పటిదాకా వదల్లేదు. నెలరోజులుగా తెల్లదారం రెండు పోగులుగా కనిపిస్తోంది, అల్లిక దారి తప్పుతోంది, తలనొప్పి వస్తోంది. డాక్టరుగారికి చూపించుకుంటే ఆయన చీటీ రాసిచ్చారు.

సత్యవేణి చీటీ అందుకుంది. పేరూ, తేదీ కోడి కెలికినట్టే ఉన్నాయి గానీ అంకెలు మాత్రం తేటగా ఉన్నాయి. ఎడమ కన్ను బాగానే ఉంది. కుడి కన్ను దగ్గర ఆమె చూపు ఆగిపోయింది.

ఇలాంటి చీటీలో కంటికి మూడు అంకెలుంటాయి. మొదటిది అద్దం పవరు. రెండోది సిలిండరు. కంటి ముందుపొర గోళీలా సమంగా గుండ్రంగా లేకుండా కోడిగుడ్డులా ఒక వైపుకి సాగి ఉంటే, ఆ తేడాని సరిచేయడానికి ఎంత పవరు కావాలో అది చెబుతుంది. మూడోది యాక్సిస్. ఆ సిలిండరుని ఏ దిక్కుకి నిలబెట్టాలో చెబుతుంది. నిలువైతే తొంభై, అడ్డమైతే నూట ఎనభై. మధ్యలో ఎంత వాలుంటే అంత.

డాక్టరుగారు రాసింది ఇది: మైనస్ ఒకటి, సిలిండరు ప్లస్ రెండు, యాక్సిస్ తొంభై.

ఎందుకైనా మంచిదని సత్యవేణి సువార్తమ్మని మిషను ముందు కూర్చోబెట్టింది. కాగితం బయటికొచ్చింది. ప్లస్ ఒకటి, సిలిండరు మైనస్ రెండు, యాక్సిస్ నూట ఎనభై. మళ్ళీ కూర్చోబెట్టింది. మళ్ళీ అవే అంకెలు. మిషను చెప్పిన అద్దాలు కంటికి పెట్టి గోడ మీద అక్షరాలు చదివించింది. సువార్తమ్మ ఆఖరి వరుస దాకా గడగడా చదివేసింది.

సత్యవేణి గుండె దడదడలాడింది. నిజం చెప్పాలంటే అది భయం కాదు, సంతోషం. ఒక్క అంకె తేడా వస్తే చెయ్యి వణికిందిలే అని సరిపెట్టుకోవచ్చు. ఇక్కడ మైనస్ ఉండాల్సిన చోట ప్లస్, ప్లస్ ఉండాల్సిన చోట మైనస్, అడ్డం ఉండాల్సిన చోట నిలువు. అన్నీ తలకిందులే.

"డాక్టరుగారికి ఎన్నేళ్ళుంటాయండీ సువార్తమ్మగారూ?"

"డెబ్భై తొమ్మిదో ఎనభయ్యో ఉంటాయండి. మా అమ్మ కళ్ళాపరేషను కూడా ఆయనే చేశారు. ఏమండీ?"

"ఏం లేదు. పెద్దవారైపోయారు. చీటీ మొత్తం తలకిందులుగా రాసేశారు. ఈ అద్దాలు చేయించుకుని ఉంటే మీకు దారం సంగతి అటుంచి, సూది కూడా కనపడేది కాదు."

సువార్తమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అయ్యబాబోయ్! మరిప్పుడెలాగండీ?"

"నేనున్నానుగా" అంది సత్యవేణి.

సువార్తమ్మ దణ్ణం పెట్టి మరీ వెళ్ళింది. డాక్టరుగారి చీటీని సత్యవేణి తన దగ్గరే ఉంచుకుంది. అలాంటిది చేజార్చుకోవడం ఎవరికి ఇష్టం?

సాయిబుగారు టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ వచ్చేసరికి బల్ల మీద రెండు చీటీలూ పక్కపక్కన పరిచి ఉన్నాయి. సత్యవేణి జరిగిందంతా చెప్పింది. ఆయన మొదట డాక్టరుగారి చీటీ చూశారు, తర్వాత మిషను కాగితం చూశారు. గడ్డంలోంచి చిన్న నవ్వు బయటికి వచ్చింది.

"బాగుంది" అన్నారు.

"బాగుందంటారేంటి మాస్టారూ! తప్పు కదా?"

"రేపు పొద్దున్న సువార్తమ్మని ఒకసారి రమ్మను. లేసు సామాను కూడా తెచ్చుకోమని చెప్పు."

"ఈలోగా మిషను చీటీ ప్రకారం అద్దాలు మొదలెట్టెయ్యనా?"

"రేపు" అన్నారు సాయిబుగారు. ఆయనతో అదే తంటా. ఒక్క మాట చెప్పి పనిలో పడిపోతారు. రెండో మాట కోసం ఎదురుచూస్తూ సత్యవేణి ఏడు నెలల్లో చాలా సాయంత్రాలు వృథా చేసుకుంది.

మర్నాడు షట్టరు సగం లేపారో లేదో, దాని కిందనించి వంగి లోపలికి వచ్చేసింది సువార్తమ్మ. చేతిలో లేసు సంచి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎంత పనైపోయిందండీ సాయిబుగారూ! డాక్టరుగారు కళ్ళు చూట్టం మానేశారండి."

సాయిబుగారి చెయ్యి షట్టరు మీదే ఉండిపోయింది. "ఎప్పుడు?"

"నిన్న సాయంత్రమండి. పెద్దాయన, ఇంకెవరికైనా అలాగే రాసేత్తారేమోనని, మంచికే కదా అని ఎల్లి చెప్పానండి. ఏదీ ఆ చీటీ అన్నారు. షాపులో ఉండిపోయిందండీ అన్నాను. తప్పని ఎవరన్నారు అనడిగారు. సాయిబుగారి షాపులో చదువుకున్న అమ్మాయిగారండీ అన్నాను. సాయిబు షాపులో అన్నారంటే నిజమే అయ్యుంటుంది అన్నారు. బయట కూచున్న నలుగురినీ భీమవరం ఎళ్ళి చూపించుకోమన్నారు. గేటుకున్న బోర్డు తీసేశారు." ఆమె పైటకొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "వాళ్ళింట్లో అమ్మగారు పదేళ్ళ బట్టీ మానెయ్యమంటున్నా వినలేదండి. నేను చెప్పగానే మానేశారండి."

సాయిబుగారు కుర్చీలో కూలబడ్డారు.

"నిన్ననే చెప్పెయ్యాల్సింది" అన్నారు, ఎవరితోనూ కాకుండా. "ఒక రోజు ఆగితే పాఠం బాగా ఒంటబడుతుందనుకున్నాను. ఇందులో నా వాటా కూడా ఉంది."

సత్యవేణికి ఆ మాట అర్థం కాలేదు. డాక్టరుగారంటే ఆమెకీ జాలేసింది. కానీ జాలి వేరు, అంకెలు వేరు.

"పాపమే మాస్టారూ. కానీ ఆలోచిస్తే మంచిదే కదా? తప్పు రాసే చెయ్యి ఆగిపోవడం..."

సాయిబుగారు ఆ వాక్యం పూర్తికాకుండానే అద్దాల పెట్టె ఆమె ముందుకి జరిపారు. పరీక్ష కోసం ముక్కు మీద పెట్టే ఖాళీ ఫ్రేములు రెండు తీసి దాని పక్కన పెట్టారు.

"ఒకదాంట్లో డాక్టరుగారు రాసినట్టు బిగించు. ఇంకోదాంట్లో నీ మిషను రాసినట్టు."

సత్యవేణి బిగించింది. ఒకదాంట్లో మైనస్ ఒకటి వేసి, దాని ముందు ప్లస్ రెండు సిలిండరుని నిలువుగా నిలబెట్టింది. రెండోదాంట్లో ప్లస్ ఒకటి వేసి, మైనస్ రెండు సిలిండరుని అడ్డంగా పెట్టింది. ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంది. ఈ పరీక్షలో డాక్టరుగారి ఫ్రేము ఓడిపోతుందన్న నమ్మకంతో దాన్ని మరీ జాగ్రత్తగా బిగించింది.

"ఇప్పుడు అటు తిరిగి ఆ అరలో ఫ్రేములన్నీ తుడు. నేను పిలిచేదాకా ఇటు చూడకు."

ఆమె అటు తిరిగింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"ఇది పెట్టుకుని రెండు వరుసలు అల్లమ్మా" అంటున్నారు సాయిబుగారు.

సత్యవేణి ఫ్రేములు తుడుస్తూ చెవులు రిక్కించింది. సువార్తమ్మ తడబడినప్పుడల్లా నాలిక చప్పరిస్తుందని నిన్న అద్దాలు లేకుండా అక్షరాలు చదివించినప్పుడే కనిపెట్టింది. ఇప్పుడు ఆ చప్పరింపు ఎప్పుడొస్తుందా అని చూస్తోంది. పదకొండు ఫ్రేములు తుడిచింది. చప్పుడు లేదు.

"ఇప్పుడిది పెట్టుకుని ఇంకో రెండు వరుసలు."

ఇంకో తొమ్మిది ఫ్రేములు తుడిచింది. మధ్యలో సువార్తమ్మ ఏదో కీర్తన కూనిరాగం తీసింది కూడా. ఇదే మిషను ఫ్రేమై ఉంటుందని సత్యవేణి మనసులో తేల్చేసుకుంది.

"ఇటు రా."

సాయిబుగారి అరచేతిలో నాలుగు వరుసల తెల్లటి లేసు ముక్క ఉంది. ఆయన దాన్ని బల్ల మీద నల్లగుడ్డ పరిచి, దాని మీద పెట్టారు.

"డాక్టరుగారి చీటీ ఎక్కడ అయిపోయింది, నీ మిషను చీటీ ఎక్కడ మొదలైంది? చూపించు."

సత్యవేణి వంగి చూసింది. దీపం దగ్గరికి లాక్కుని చూసింది. భూతద్దం తెచ్చి ఒక్కో కన్నమూ చూసింది. నాలుగు వరుసలూ ఒకే తీరుగా ఉన్నాయి. ఒక్క పోగు తప్పలేదు, ఒక్క ముడి వదులు కాలేదు.

ఆమె తలెత్తి అనుమానంగా చూసింది. "మాస్టారూ, మీరు ఫ్రేము మార్చలేదు కదూ?"

"మార్చారండి అమ్మాయిగారూ" అంది సువార్తమ్మ, ముక్కు రుద్దుకుంటూ. "రెండూ ముక్కు కోసేశాయి. దారం మాత్రం రెంటిలోనూ ఒక్కలాగే కనపడింది."

సత్యవేణి రెండు చీటీలూ మళ్ళీ పక్కపక్కన పెట్టింది. చాలాసేపు చూసింది. తర్వాత పెన్ను తీసుకుని మిషను కాగితం వెనక ఏదో రాయడం మొదలుపెట్టింది. మైనస్ ఒకటికి ప్లస్ రెండు కలిపితే ప్లస్ ఒకటి. సిలిండరు గుర్తు మార్చు. యాక్సిస్‌ని తొంభై తిప్పు.

పెన్ను అక్కడ ఆగిపోయింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"ఇవి రెండూ ఒకే అద్దమండి" అంది మెల్లిగా. "పాతకాలం డాక్టర్లు సిలిండరుని ప్లస్సులో రాస్తారు. మిషను మైనస్సులో రాస్తుంది. దీన్ని దాంట్లోకి మార్చే లెక్క ఒకటుంది. మాకు పరీక్షలో వచ్చిందండి."

"వస్తే?"

"అయిదుకి అయిదు మార్కులొచ్చాయండి."

"మంచి మార్కులే" అన్నారు సాయిబుగారు. ఆయన మొహంలో ఎగతాళి వెతికినా దొరకలేదు. అదే ఆమెకి మరీ కష్టంగా అనిపించింది.

సువార్తమ్మ ఆ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "అంటే ఎలాగంటారండీ? మా ఇల్లు చర్చి కాణ్ణించి లెక్కెడితే మూడోది. రైలు గేటు కాణ్ణించి లెక్కెడితే తొమ్మిదోది. అలాగాండీ?"

"అలాగే" అంది సత్యవేణి. రెండేళ్ళ కోర్సులో ఎవరూ తనకి ఇంత సుళువుగా చెప్పలేదు.

"మరింకేం! మా పోస్టుమాను రెండు వైపుల్నించీ వచ్చేత్తాడు" అని సువార్తమ్మ ఊపిరి పీల్చుకుంది. వెంటనే గుర్తొచ్చి మళ్ళీ గుండెల మీద చెయ్యేసుకుంది. "మరి డాక్టరుగారో?"

సత్యవేణి రెండు చీటీలూ మడిచి చేతిలో పట్టుకుంది. "మీరు కూడా రండి మాస్టారూ."

"నేనొస్తే ఆయన నాతో మాట్లాడతారు. నువ్వు గుమ్మం దగ్గర నిలబడిపోతావు."

"నాకు భయంగా ఉందండి."

"ఉండాలి" అన్నారు సాయిబుగారు. "తప్పుందన్న మాట నీ నోటినుంచి వెళ్ళింది. లేదన్న మాట కూడా ఆ నోటినుంచే వెళ్ళాలి." ఇంక రెండో మాట రాదని సత్యవేణికి తెలుసు. చెప్పులేసుకుంది.

డాక్టరుగారి ఇల్లు గోదావరి గట్టుకి దగ్గర్లోనే. వెళ్ళేసరికి ఆయన వరండాలో కూర్చుని, గోడ మీంచి దించిన అక్షరాల అట్టకి గుడ్డ చుడుతున్నారు. పల్చటి మనిషి. పక్కన మందుల బీరువా ఖాళీ చేసి ఉంది.

"ఎవరమ్మా?"

"సాయిబుగారి షాపునుంచండి. సత్యవేణి."

ఆయన మొహం విప్పారింది. "నువ్వేనా! రా, కూర్చో. మంచి పని చేశావమ్మా. ఇంకొకరి కళ్ళు పాడవకముందే చెప్పావు."

దారి పొడుగునా ఆమె తిట్లకి సిద్ధపడి వచ్చింది. ఈ మాటకి సిద్ధపడలేదు. కూర్చోలేక నిలబడే ఉంది.

"నిన్నటినుంచి ఒకటే ఆలోచన" అన్నారాయన. "ఈ మధ్య చీటీలు రాసిన వాళ్ళ పేర్లు తలుచుకుంటున్నాను. ఎంతమందికి తప్పు రాశానో, వాళ్ళు మొహమాటానికి చెప్పకుండా అవే పెట్టుకు తిరుగుతున్నారో! ఏదీ, నేనెక్కడ పొరబడ్డానో చూపించు. తెలుసుకుని మానేస్తే కొంచెం మనసు కుదుటపడుతుంది."

సత్యవేణి రెండు చీటీలూ ఇచ్చింది. ఆయన భూతద్దం పెట్టుకుని తన చీటీ చదివారు. మిషను కాగితం చదివారు. మళ్ళీ తనది చదివారు.

"ఈ రెండూ ఒకటే కదమ్మా."

"ఒకటేనండి."

"మరి తప్పేదీ?"

"లేదండి."

"లేదా?"

"లేదండి. మీరు రాసింది రాసినట్టు సరిగ్గా ఉందండి. నాకే చదవడం రాలేదు." ఆ మాటతో ఆమెకి ఏడుపొచ్చేసింది. "తిట్టండి నన్ను."

డాక్టరుగారు భూతద్దం ఒళ్ళో పెట్టుకున్నారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. తుడుచుకోవడం చాలాసేపు పట్టింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి దగ్గొచ్చేదాకా నవ్వారు.

"తిడతాను. తీరిగ్గా కూర్చుని తిడతాను. ముందు ఈ అట్ట ఆ పక్క పట్టుకో. మేకుకి తగిలించాలి."

ఇద్దరూ కలిసి అట్ట తగిలించారు. వంకరగా ఉందని సత్యవేణి ఒకసారి సరిచేసింది. ఇంకా వంకరే అని డాక్టరుగారు మళ్ళీ సరిచేశారు.

"ఇకమీదట నన్ను కూడా మీ మిషనులాగే రాయమంటావా ఏమిటి?" అన్నారాయన వెనక్కి జరిగి అట్ట చూసుకుంటూ.

"వద్దండి. మీరు రాసినట్టే రాయండి."

అప్పుడే గేటు దగ్గర ఒక ముసలాయన వచ్చి నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు, ఒక కంటి మీద అరచెయ్యి. లోపలికి రావాలో వద్దో తెలియక అక్కడినుంచే కేకేశాడు.

"డాక్టరుబాబూ! మీరు మానేశారంట గదా! చీటీలు తప్పు రాత్తన్నారని, ఎవరో సదువుకున్నమ్మాయి కనిపెట్టిందని రేవులో అంటన్నారు. నిజమేనాండీ?"

డాక్టరుగారు ఏదో అనబోయారు. అప్పటికే సత్యవేణి మెట్లు దిగి గేటు దాకా వెళ్ళిపోయింది.

"ఆ అమ్మాయిని నేనేనండి" అంది గేటు తీస్తూ. "తెలియక అన్నాను. రండి, ఇక్కడ మెట్టుంది, చూసుకోండి."